ట్యాంకు చతుష్పాది: టీకా తాత్పర్య విశేష సహితం

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాయబోతూ మల్లినాథసూరి ఒక ఒట్టు పెట్టుకున్నాడు. మూలంలో లేనిది రాయడట, అక్కర్లేనిది చెప్పడట. మెదక్ దగ్గర కొల్చారం మనిషి. మాట మీద నిలబడ్డాడనే పండితులు అంటారు. నేను ఆ ఒట్టు పెట్టుకోలేను. నా మూలంలో ఉన్నవి మొత్తం పదకొండు మాటలు, అందులో ఒకటి పెట్రోలు పడి సగం చెరిగిపోయింది. మూలంలో ఉన్నదే చెప్పాలంటే ఈ వ్యాఖ్యానం ఇక్కడితో అయిపోవాలి.

ఈ మూలం తాటాకుల కట్టలో దొరకలేదు, రాగిరేకు మీదా లేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మా జీడితోటకు మందు కొట్టే తైవాన్ పంపుకి ఇంజను కింద పాలరంగు ప్లాస్టిక్ ట్యాంకు ఒకటి ఉంది. దాని మీద నల్ల మార్కరుతో రాసి ఉంది. రచయిత కాశీబుగ్గలో ఒక మెకానిక్కు. ఆయన బిల్లులు రాయడు, రసీదులు ఇవ్వడు. కనుక ఆయన లిఖిత సాహిత్యం యావత్తూ ఇదే. రచనాకాలం 2018 డిసెంబరు. అంటే తిత్లీ తుఫాను మా మీంచి వెళ్ళిన రెండు నెలలకు.

పట్నం పాఠకుల కోసం ఒక మాట. తైవాన్ పంపు అంటే వీపుకు తగిలించుకునే పవర్ స్ప్రేయరు. దానికి రెండు ట్యాంకులు. పెద్దది మందునీళ్ళకు, చిన్నది పెట్రోలుకు. పెద్దదాన్ని అందరూ కడుగుతారు, బోర్లిస్తారు, ఎండబెడతారు. చిన్నదాన్ని పట్టించుకున్నవాడు లేడు. ప్రబంధాల్లో నాయిక నఖశిఖ వర్ణనకు వంద పద్యాలుంటాయి. ఆమె జాబు మోసుకుపోయే చెలికత్తెకు సగం సీసపద్యం కూడా దక్కదు. మన చెలికత్తె కథ ఇది.

మూలం

ఆయిలు కలపకుండా పొయ్యకు
జల్లెడ నేకుండా పొయ్యకు
మూత కన్నం ముయ్యకు
పనయ్యాక ఉం..కు

ఛందస్సు: ఏ గణాలకూ లొంగదు. మొదటి మూడు పాదాలకూ ‘య్యకు’ అని అంత్యప్రాస ఉంది. నాలుగో పాదంలో ఆ ‘య్య’ చివర లేకపోయినా, ‘పనయ్యాక’ అంటూ నడుమకు జరిగి కూర్చుంది. కవి హృదయం తెలిసినవాళ్ళు దీన్ని దోషమనరు. మార్కరు ఎండిపోతోందన్న కంగారు ఆ పాదంలో కనిపిస్తుంది.

శాస్త్రగ్రంథానికి అనుబంధ చతుష్టయం చెప్పడం ఆచారం. విషయం: పెట్రోలు ట్యాంకు. ప్రయోజనం: ఇంజను బతికి ఉండడం. అధికారి: తెల్లవారుజామున జీడితోటలో నిలబడి స్టార్టరు తాడు పదిహేడుసార్లు లాగినవాడు. సంబంధం: ఆ తాడుకూ వాడి భుజానికీ ఏర్పడ్డది.

ప్రథమ పాదం

ప్రతిపదార్థం: ఆయిలు = టూ టీ ఆయిలును; కలపకుండా = పెట్రోలులో కొలత ప్రకారం చేర్చకుండా; పొయ్యకు = ట్యాంకులో పోయవద్దు.

టీక: ‘ఆయిలు’ అనగానేమి? వంటింట్లో ఆయిలు వేరు, తలకు రాసే ఆయిలు వేరు. మెకానిక్కు షాపులో నిలబడి అంటే మళ్ళీ పది రకాలు. ఇక్కడ ఆయిలు అంటే రెండు స్ట్రోకుల ఇంజనుకు పెట్రోలుతోపాటు కాలిపోయేటట్టు చేసిన టూ టీ ఆయిలే. లూనాలూ చేతక్‌లూ తిరిగిన రోజుల్లో పెట్రోలు బంకు కుర్రాడు అడక్కుండానే కలిపి పోసేవాడు. ఆ బళ్ళు పోయాయి, ఆ కుర్రాడి విద్యా పోయింది. బాధ్యత మన నెత్తిన పడింది.

ఇక్కడ పూర్వపక్షం మా బావది. ‘మోటారు సైకిలుకి ఆయిలు వేరేగా పోస్తాం, పెట్రోలు వేరేగా పోస్తాం. దీనికెందుకురా కలపడం? కడుపులోకెళ్ళాక ఎలాగూ కలుస్తాయి కదా!’

సిద్ధాంతం: మోటారు సైకిలు ఇంజను కింద ఆయిలుకు ఒక గది ఉంటుంది. పెట్రోలు ఆ గడప తొక్కదు. రెండు స్ట్రోకుల ఇంజనుకు అంత వైభోగం లేదు. లోపలికి వచ్చే గాలీ పెట్రోలూ ముందు కింది గదిలోకి వెళ్ళి, అక్కణ్ణుంచి పిస్టను మీదకి ఎక్కాలి. ఆ దారిలో ఆయిలు నిలవ ఉంచితే ఊడ్చుకుపోతుంది. అందుకని పెట్రోలు ప్రతి గుక్కలోనూ కాస్త ఆయిలు మోసుకొచ్చి బేరింగులకూ పిస్టనుకూ పూసిపోవాలి. ఇంజను అన్నం వేరుగా నెయ్యి వేరుగా తినదు, కలిపిన ముద్దే తింటుంది.

ఈ సూత్రానికి అతివ్యాప్తి దోషం ఉందని తార్కికులు అనవచ్చు. నాలుగు స్ట్రోకుల స్ప్రేయర్లు కూడా బజార్లో ఉన్నాయి, వాటి పెట్రోల్లో ఆయిలు కలిపితే పొగ తప్ప ఫలం లేదు. నిజమే. కానీ కవి రాసింది ఈ ట్యాంకు మీద, ఆ ట్యాంకుల మీద కాదు. శాసనం ఏ పొలంలో పాతితే ఆ పొలానికే చెల్లుతుంది.

కొలత: 25కి 1 అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు. 50కి 1 అంటే 20. మిషనుతో ఇచ్చిన పుస్తకంలో ఏది ఉంటే అదే ప్రమాణం. పుస్తకం పోయినవాళ్ళకు (అంటే అందరికీ) మా ఊళ్ళో ఒక కొండగుర్తు ఉంది. ఖాళీ క్వార్టరు సీసా నిండా ఆయిలు, దానికి నాలుగున్నర లీటర్ల పెట్రోలు. 180ని నాలుగున్నరతో భాగించి చూసుకోండి, సరిగ్గా 40 వస్తుంది. ఆ సీసా ఇంత లోకోపకారానికి పనికొస్తుందని దాన్ని పుట్టించినవాళ్ళు కూడా ఊహించి ఉండరు. ఆయిలు తగ్గితే ఇంజను పోతుంది. ఎక్కువైతే ప్లగ్గు నల్లబడి, సైలెన్సరు పూడిపోయి, తోటంతా పొగ. కలపడం కూడా వేరే డబ్బాలో, బాగా కుదిపి కలపాలి. ట్యాంకులోనే పెట్రోలు పోసి, పైన ఆయిలు ఒంపి, ‘అదే కలుస్తుందిలే’ అనుకోవడం మజ్జిగలో ఉప్పు వేసి కలపకుండా తాగడం లాంటిది.

కావ్యకారణం: శోకంలోంచి శ్లోకం పుట్టిందని పెద్దలు చెప్పే మాట మా మెకానిక్కు విషయంలోనూ నిజమే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, విసురు 165. ఆ పేరు పాకిస్తాన్ ఇచ్చింది, సీతాకోకచిలుక అని అర్థం. ఉద్యానవనమే ఉద్దానమైందని చెప్పుకునే మా నేల మీద ఆ సీతాకోకచిలుక వాలి లేచేసరికి కొబ్బరిచెట్లు వేళ్ళతో సహా పడుకున్నాయి. తాతలనాటి జీడిమాకులు పక్కకు ఒరిగి, వేళ్ళు ఆకాశంలోకి చాపాయి. దారి తెరవాలంటే కరెంటు లేదు, మనుషులు చాలరు. రంపం మిషను ఉన్నవాడే ఆ వారం మారాజు.

మా బావ ఎవర్నో బతిమాలి ఒక రంపం మిషను తెచ్చాడు. పెట్రోలు నీళ్ళ సీసాలో వచ్చింది. తళతళమంటూ తేటగా ఉంది. ఆ తేటదనమే కొంప ముంచింది, అందులో ఆయిలు లేదు. రెండు కొబ్బరి మొద్దులు కోసింది. మూడోదాని నడుమ గొంతు మారింది. ‘కీచ్’మని ఒక్క కేక పెట్టి ఆగింది. తాడు లాగితే రాలేదు. కాశీబుగ్గ తీసుకెళ్ళి విప్పిస్తే, అద్దంలా ఉండాల్సిన పిస్టను మీద పిల్లి గోళ్ళతో గీసినట్టు నిలువు చారలు. మెకానిక్కు దాన్ని అరచేతిలో ఎగరేసి పట్టుకుని, ‘ఇది ఇంజను కాదు బావూ, తూకం రాయి’ అన్నాడు. ఆ తర్వాత డిసెంబర్లో మా తైవాన్ పంపు సర్వీసుకు వెళ్ళినప్పుడు, అడక్కుండానే ఈ నాలుగు పాదాలూ దాని మీద వెలిశాయి.

విశేషం: మా మేనల్లుడు టెక్సాస్‌లో ఒక నైట్రో హెలికాప్టరును పెంచుతున్నాడు. రిమోటుతో ఎగరేసేది, చంటిపిల్లంత ఉంటుంది. పెంచుతున్నాడనే అనాలి, ఎగరేసిన గంటలకన్నా తుడిచిన గంటలు ఎక్కువ. దానికి పెట్రోలు పనికిరాదట. మిథనాలు, నైట్రోమీథేను, ఆయిలు కలిపిన ద్రవం తాగుతుంది. ‘ఆ ఆయిల్లో కాస్టర్ కూడా ఉంటుంది మావయ్యా’ అన్నాడు గొప్పగా. కాస్టర్ అంటే మన ఆముదం. పిల్లవాడికి మూడేళ్ళప్పుడు వాళ్ళ అమ్మమ్మ రెండు కాళ్ళ మధ్యన ఇరికించుకుని ముక్కు మూసి తాగించింది అదే. మొదటి ప్రపంచయుద్ధంలో గిరగిర తిరిగే ఇంజన్ల విమానాలు కూడా ఆముదం మీదే ఎగిరాయి, ఎందుకంటే అది పెట్రోల్లో తేలిగ్గా కరిగి పల్చబడదు. క్యాస్ట్రాల్ కంపెనీ పేరు పుట్టిందీ ఆ కాస్టర్‌లోంచే. ఆముదమే మహావృక్షమని చెట్లులేని ఊరిని వెక్కిరిస్తాం కానీ, వేడెక్కిన ఇంజను దగ్గర దాని పెద్దరికం ఒప్పుకోవాల్సిందే.

తాత్పర్యం: తేటగా ఉన్న పెట్రోలును నమ్మకు.

ద్వితీయ పాదం

ప్రతిపదార్థం: జల్లెడ = గరాటులో అమర్చిన సన్నని వల; నేకుండా = లేకుండా; పొయ్యకు = పూర్వవత్.

వ్యాకరణం: ‘లేకుండా’ అని ఉండాలి కదా అని చిన్నయసూరి శిష్యులు ముఖం చిట్లిస్తారు. మావైపు ‘లేదు’ నాలుక మీదకొచ్చేసరికి ‘నేదు’ అవుతుంది. ఇది లేఖక ప్రమాదం కాదు, శుద్ధ పాఠం. దిద్దితే గిడుగు రామ్మూర్తిగారు ఊరుకోరు. ఆయన పుట్టింది మా జిల్లాలోనే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. పాఠాలు చెప్పింది ఇక్కడికి దగ్గరే, పర్లాకిమిడిలో. జనం నోట ఉన్న మాటే మాట అని జీవితమంతా పోట్లాడినాయన పక్కూరి ట్యాంకును మనం సంస్కరించబోవడం మర్యాద కాదు.

టీక: ఉద్దానం ఇసక నేల. టెక్కలి వైపు గ్రానైటు క్వారీల దుమ్ము. వీటికి తోడు జీడాకు నుసి. ఇవన్నీ ట్యాంకు మూత తీసిన ఆ అర నిమిషం కోసం కాచుకుని ఉంటాయి. వీటిని ఆపడానికి బయట జల్లెడ. అది దాటి వచ్చినవాటికి లోపల ఇంకో కాపలాదారు ఉన్నాడు. ట్యాంకులోకి టార్చి వేసి చూడండి. మెత్తని పైపు ఒకటి వేలాడుతూ, దాని చివర చిటికెన వేలి కొసంత ఫిల్టరు, కాస్త బరువుగా ఉంటుంది. మిషను ఎటు వంగితే అదీ అటు దొర్లుతుంది, పెట్రోలు ఎక్కడుంటే అక్కడికి. రంపం మిషను పక్కకు తిప్పి కోసినా ఆగకపోవడం దీని పుణ్యమే. మేనల్లుడి హెలికాప్టరు ఆకాశంలో తలకిందులుగా నిలబడ్డప్పుడు కూడా ట్యాంకు కప్పుకు అంటుకుని ఇంధనం తాగేది దీని చుట్టమే. ఆ పైపు ఎండి గట్టిపడితే ఫిల్టరు వంగదు, ఒక మూల ఉండిపోతుంది. పెట్రోలు ఒక మూల, నోరు ఒక మూల. పైపుకు సూదిమొనంత పగులు పడినా పెట్రోలుతోపాటు గాలి బుడగలు పీల్చి ఇంజను వేడెక్కుతుంది. కొక్కెంలా వంచిన సన్న తీగతో ఏడాదికోసారి దాన్ని మూతిదాకా లాగి, పైపును వేళ్ళ మధ్య వంచి చూడాలి. పగిలితే కొత్తది వేయించాలి. దానికి పెద్ద ఖర్చు లేదు, లాగి చూసే ఓపికే లేదు.

తాత్పర్యం: స్పష్టం.

తృతీయ పాదం

ప్రతిపదార్థం: మూత కన్నం = మూతకు ఉన్న గాలి రంధ్రమును; ముయ్యకు = మూయవద్దు.

టీక: పెట్రోలు ఒక చుక్క బయటికి పోతే ఆ చోటుకు గాలి రావాలి. కొబ్బరిబోండానికి ఒకే చిన్న కన్నం పెట్టి బోర్లిస్తే నీళ్ళు గుటుకు గుటుకుమని ఆగి ఆగి రావడం చూసినవాడికి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఉద్దానంలో అది చూడనివాడు లేడు. అయినా మూత నుంచి పెట్రోలు చెమ్మ కారుతోందని గుడ్డముక్క కుక్కేవాళ్ళు, పాలిథిన్ సంచి చుట్టి రబ్బరు వేసేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. సదుద్దేశమే, కానీ మిషను గొంతు నొక్కుతున్నారు.

కన్నం పూడిందని తెలిసేదెలా? మూడు ప్రమాణాలు. ప్రత్యక్షం: పల్చని ట్యాంకు బుగ్గలు లోపలికి పీక్కుపోయి ఉంటాయి. అనుమానం: పది నిమిషాలు బాగా నడిచి ఆగుతుంది. కాసేపు కూర్చుని చెమట తుడుచుకుని మళ్ళీ లాగితే నడుస్తుంది. మళ్ళీ పది నిమిషాలే. ముందు అనుమానించాల్సింది మూతనే. శబ్దం: ఆగిన వెంటనే మూత వదులు చేయండి. ‘సుయ్’మంటుంది. శబ్ద ప్రమాణం ఇంత అక్షరాలా పనిచేసే శాస్త్రం ఇంకొకటి నాకు తెలీదు.

ఆక్షేపణ: మా మేనల్లుడి సంప్రదాయం దీనికి పూర్తిగా వ్యతిరేకం. వాళ్ళ ట్యాంకుకు బయటి గాలి సోకకూడదు. సైలెన్సరులోంచి ఒక పైపు తెచ్చి ట్యాంకులోకి పెడతారు. ఆ పొగ ఒత్తిడే ఇంధనాన్ని ఇంజనులోకి తోస్తుంది. అక్కడ కన్నం ఉంటే దోషం, ఇక్కడ లేకపోతే దోషం. వాళ్ళు ట్యాంకు విప్పి, పైపులు మూసి, ఒకదాంట్లోంచి చిన్న పంపుతో గాలి కొట్టి, బకెట్టు నీళ్ళలో ముంచుతారట. బుడగ లేస్తే ట్యాంకు మార్చడమే. సైకిలు షాపులో పంక్చరు చూసే పద్ధతి. దీన్నిబట్టి రెండు సంప్రదాయాలకూ విరోధం లేదని సమన్వయం చెప్పవచ్చు. కన్నం ఉండాల్సిన చోట ఉండాలి, ఉండకూడని చోట ఉండకూడదు. వేదాంతంలో ఇంతకన్నా పెద్ద తగాదాలను ఇంతకన్నా చిన్న మాటతో సర్దినవాళ్ళు ఉన్నారు.

పేరుకు ఆటబొమ్మే కానీ ఈ హెలికాప్టరు జాతిలో పొలం పని చేసేవి కూడా ఉన్నాయి. జపాన్లో యమహా కంపెనీ 1987 నుంచే రిమోటు హెలికాప్టర్లతో వరిచేలకు మందు కొట్టిస్తోంది. మొదట ఆర్-50, తర్వాత 1997లో ఆర్‌మ్యాక్స్. వాటిదీ రెండు స్ట్రోకుల ఇంజనే. అంటే మా తైవాన్ పంపుకు అవి రెక్కలొచ్చిన దాయాదులు. ఇప్పుడు డ్వాక్రా మహిళలకు ఇస్తున్న డ్రోన్లకు బ్యాటరీలే, పెట్రోలు ట్యాంకు ఊసే లేదు. ఈ శాస్త్రానికి అధ్యేతలు తగ్గుతున్నారన్నమాట. ఉన్నవాళ్ళ కోసమైనా నాలుగో పాదం చూద్దాం.

చతుర్థ పాదం

పాఠ నిర్ణయం: మార్కరు రాత నీటికి చెరగదు, పెట్రోలుకు చెరుగుతుంది. పెట్రోలు ట్యాంకు మీద మార్కరుతో రాయడం కవి చేసిన ఏకైక సాహసం. మూత పక్కనే ఉన్న నాలుగో పాదం మీద చుక్కలు పడీ పడీ ‘ఉం’కీ ‘కు’కీ నడుమ గ్రంథపాతం జరిగింది. మూడు పాఠాలు ప్రచారంలో ఉన్నాయి.

‘పనయ్యాక ఉండకు’ అన్నది మా బావ పాఠం. పని అయ్యాక ఇక్కడ ఉండొద్దు, ఇంటికి పో, అని అర్థం చెప్పాడు. చెప్పడమే కాదు, ఆచరించాడు. ఒక సాయంత్రం సగం ట్యాంకు పెట్రోలుతో పంపును పనసచెట్టు కింద వదిలేసి, టెక్కలి బస్సెక్కి వాళ్ళ ఊరెళ్ళిపోయాడు. తన పాఠానికి ఇంత నిబద్ధుడైన వ్యాఖ్యాతను నేను చూడలేదు.

‘పనయ్యాక ఉంచకు’ అన్నది మా నాన్న పాఠం. అర్థం కుదురుతుంది, కానీ మా నేల వాసన లేదు.

‘పనయ్యాక ఉంచీకు’ అన్నది నా పాఠం. ట్యాంకును వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే, చెరిగిన చోట గుడిదీర్ఘం కొస లీలగా కనిపిస్తుంది. ‘ఉంచివేయకు’ అన్నది వాడుకలో ‘ఉంచేయకు’ అయి, మా దగ్గర ‘ఉంచీకు’ అవుతుంది. ‘ఉంచకు’లో నిషేధం మాత్రమే ఉంది. ‘ఉంచీకు’లో మనిషి కూడా ఉన్నాడు, మిషను పడేసి చేతులు దులుపుకుని పోతున్నవాడు. వెనక నుంచి కేకేసినట్టు ఉంటుంది.

ఎందుకైనా మంచిదని మూలకర్తనే అడిగాను. కార్బురేటరు లోంచి తలెత్తకుండా, ‘నానేటి రాసినానో నాకేటి గుర్తు బావూ? పెట్రోలు తీసీయాలి, అంతే’ అన్నాడు. కవి తన కావ్యం గురించి చెప్పే మాట వ్యాఖ్యాతకు ప్రమాణం కాదు. నా పాఠమే సిద్ధాంతం.

ప్రతిపదార్థం: పనయ్యాక = ఆ ఏటి మందు కొట్టడం ముగిసిన పిమ్మట; ఉంచీకు = ట్యాంకులో పెట్రోలును వదిలిపెట్టి పోవద్దు.

టీక: మా జీడికి మందు చిగురు మీద ఒకసారి, పూత మీద ఒకసారి, పిందె మీద ఒకసారి. టీ దోమ ఊరుకోదు కనక తప్పదు. శీతాకాలంతో ఆ పని ముగుస్తుంది. తేలినీలాపురం చెట్ల మీద విడిది చేసిన పక్షులు తిరుగు ప్రయాణం కట్టే వేళకి మా పంపు అటకెక్కుతుంది. ఇక అందరి దృష్టీ పిక్కల మీద, ఎనభై కిలోల బస్తాకు ఈసారి ఎంత పలుకుతుందన్నదాని మీద. మళ్ళీ పంపు గుర్తొచ్చేది చిగురు వేళకే. ఫిబ్రవరి నుంచి నవంబరు దాకా తొమ్మిది నెలలు. ఆ కడుపులో మిగిలిపోయిన పావు లీటరు ఏమవుతుంది?

మొదట పెట్రోల్లో తేలికైన భాగం ఎగిరిపోతుంది. మిగిలింది చిక్కబడి, బెల్లం పాకం రంగు తిరిగి, వార్నిషు వాసన కొడుతుంది. పాత ఆయిలుతో కలిసి బంకలా సాగుతుంది. కార్బురేటరులో ఉల్లిపొరలాంటి రబ్బరు పొర ఒకటుంది. పెట్రోలును లాగేదీ వదిలేదీ అదే. ఆ బంకలో అది బిరుసెక్కి అప్పడమవుతుంది. పైపులు మెత్తదనం పోగొట్టుకుంటాయి.

రెండోది కొత్త కాలపు సంగతి. ఇప్పుడు బంకులో వచ్చే పెట్రోలు అంతా పెట్రోలు కాదు. 2030కి పెట్టుకున్న గడువును 2025కే లాగి, నూటికి 20 పాళ్ళు ఇథనాలు కలుపుతున్నారు. చెరకు, మొక్కజొన్న రైతులకు మేలే కావచ్చు. నేను దాని జోలికి పోను. నా గొడవ ట్యాంకు మటుకే. ఇథనాలుకు నీరంటే ప్రాణం, గాలిలోంచైనా పీల్చుకుంటుంది. మాది సముద్రపు గాలి. అవతల నౌపడలో ఉప్పు పండించే గాలి. దొడ్లో పెట్టిన మేకు నెలకు తుప్పు పట్టే గాలి. సగం ఖాళీ ట్యాంకులో ఆ గాలి మూత కన్నంలోంచి వస్తూ పోతూ, రాత్రి చల్లబడ్డప్పుడు గోడలకు చెమ్మ పట్టిస్తుంది. ఆ చెమ్మనంతా ఇథనాలు తాగుతుంది. తాగి తాగి, ఇక పట్టలేనన్నప్పుడు పెట్రోలుతో తెగతెంపులు చేసుకుని, నీళ్ళను వెంటబెట్టుకుని అడుగుకు దిగుతుంది. గాజుసీసాలో పోసి చూస్తే మధ్యన గీత గీసినట్టు రెండు పొరలు కనిపిస్తాయి.

సహృదయులు ఇక్కడ కొంచెం ఆగాలి. పైన ఉండిపోయింది పెట్రోలు. మనం కొలిచి కలిపిన ఆయిలు ఆ పెట్రోలుతోనే పైన ఉంటుంది. అడుగున చేరింది ఇథనాలూ నీళ్ళూ, అందులో జిడ్డు లేదు. ద్వితీయ పాదంలో మెచ్చుకున్న బరువైన ఫిల్టరు ఎక్కడుంటుంది? అడుగునే. నవంబర్లో తాడు లాగగానే ఇంజను తాగే మొదటి గుక్క ఆయిలు లేని గుక్క. మనం ఎవరమూ మొదటి పాదాన్ని తప్పలేదు. నాలుగో పాదం తప్పితే మొదటి పాదం తనంతట తానే తప్పిపోయింది. ఆ బంకే వెళ్ళి ఫిల్టరును పూడుస్తుంది, రెండో పాదం పోయింది. ఆ జిడ్డే మూత కన్నంలో గడ్డకడుతుంది, మూడో పాదమూ పోయింది. గ్రంథ తాత్పర్యం తేల్చడానికి మొదలూ చివరా ఒకే మాట చెబుతున్నాయా అని చూడమన్నారు మీమాంసకులు. ఉపక్రమోపసంహారాలు ఇంతకన్నా చక్కగా కలిసిన గ్రంథం నాకింతవరకు తగల్లేదు. ‘ఆయిలు’తో మొదలుపెట్టి ‘ఉంచీకు’తో ముగించినవాడు నాలుగు మాటలు చెప్పలేదు, ఒకే మాట నాలుగుసార్లు చెప్పాడు.

అప్పు, నిప్పు, పగ శేషం ఉంచకూడదని మన పెద్దలు మూడింటిని లెక్కపెట్టారు. పెట్రోలును వేరే చెప్పలేదేమంటే, అది నిప్పులోకే వస్తుంది. ఇంకా అంటుకోని నిప్పు.

ప్రయోగ విధి: ఆఖరి మందు కొట్టిన రోజునే, ఇంజను చల్లారాక, ట్యాంకును డబ్బాలోకి వంచెయ్యాలి. ఆ తర్వాత మళ్ళీ తాడు లాగి ఇంజను నడపాలి. పైపుల్లో, కార్బురేటరులో మిగిలింది కాలిపోయి అదే ఆగుతుంది. ఆగే ముందు ఒక్కసారి గొంతు హెచ్చుతుంది, కంగారు పడక్కర్లేదు. అటకెక్కించేటప్పుడు మూత బిగించాలి. వంచిన పెట్రోలు పొయ్యి ఉన్న గదిలో పెట్టకూడదు, తాగునీళ్ళ సీసాలో అసలు పోయకూడదు. పైపు పెట్టి నోటితో పీల్చి తీసే విద్యను మాత్రం పూర్తిగా మరచిపోవాలి. ఇది హాస్యానికి రాయడం లేదు. పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదకొస్తుంది. నైట్రో హెలికాప్టర్ల మిథనాలు ఇంకా చెడ్డది, కొద్దిగా లోపలికి పోయినా కళ్ళు పోతాయి.

మేనల్లుడి సంప్రదాయంలో ఈ విధి ఏటికొకసారి కాదు, ఎగరేసిన ప్రతి రోజూ చెయ్యాలి. మిథనాలుదీ నీరు పీల్చే బుద్ధే. అది లోపల ఉండిపోతే బేరింగులు తుప్పుపడతాయి. అందుకని ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను ఆగేదాకా నడిపి, చివర నాలుగు చుక్కల ఆయిలు లోపల వేసి, చేత్తో తిప్పి, గుడ్డ కప్పి పడుకోబెడతాడు. ఈ పరిచర్యలో పదోవంతు వాళ్ళ నాన్న తోటలో మిషనుకు చేసి ఉంటే బాగుండేదని మా చెల్లెలు ఫోన్లో అంది. వాళ్ళ నాన్న అంటే, పాఠకులు గ్రహించే ఉంటారు, ఉండకు-పాఠం బావే.

తాత్పర్యం: పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి ఇంటికి వెళ్ళు. ఈ అర్థంలో మా బావ పాఠాన్ని కూడా సగం ఒప్పుకోవచ్చు.

గద్య

ఇది శ్రీమదుద్దాన జీడివన మధ్యస్థిత, కాశీబుగ్గ మెకానిక్ ప్రణీత, పెట్రోలు బిందు ఖండిత, తైవాన్ పంపు ట్యాంకు చతుష్పాదికి, తాడు లాగి లాగి భుజం జారిన వ్యాఖ్యాత రచించిన టీకా తాత్పర్య విశేషము సర్వమూ సంపూర్ణం.

అనుబంధం

అచ్చుకు పంపే ముందు మూలాన్ని ఒకసారి సరిచూసుకుందామని నిన్న అటక మీంచి పంపు దించాను. ట్యాంకు ఊపితే గుడగుడమంది. పోయిన ఫిబ్రవరిలో ఆఖరిసారి మందు కొట్టింది బావ కాదు, నేనే.